సున్నపురాయికి ఫార్ములా కట్టిన రోజు

పరువు పోవడానికి ముహూర్తం అక్కర్లేదు. పిడికెడు సున్నపురాయి, అరకొర చదువు ఉంటే చాలు. నమ్మరా? వినండి మరి. ఆ రోజు మళ్లీ వస్తానంటే ఇంకోసారి పరువు పోగొట్టుకోడానికి నేను రెడీ.

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. గుంటూరులో ఇంటరు చదువుతూ సెలవులకి కారంపూడి వచ్చా. బొల్లాపల్లి నుంచి మా మేనమామ, ఆయన కూతురు రత్తాలు చుట్టపుచూపుగా వచ్చి మా ఇంట్లో దిగారు. రత్తాలంటే నాకు ప్రాణం. మామేమో మెలిక పెట్టాడు.

"గుంటూరులో ఏం వెలగబెడుతున్నావో చూపించరా. అప్పుడిస్తా పిల్లని."

"రాయిని కాలిస్తే అందులో గాలి లేచిపోయి సున్నం మిగులుద్ది మామా. పోయిందెంతో, మిగిలిందెంతో తూస్తే, ఆ రాయి వేటితో ఏ పాళ్లలో అయిందో ఫార్ములా కట్టేస్తా!"

కంసాలి త్రాసు అడిగి తెచ్చా. రాయిని తూచి, బట్టీలో కాల్పించి, ముందే తూచిపెట్టుకున్న ముంతలో వేసి, మూత పెట్టి గుడ్డ కట్టి వంటింటి అరుగు మీద పెట్టా. చూసేవాళ్లు లేని చదువెందుకండీ? ఇరుగుపొరుగుని పిలుచుకు రావడానికి పోయా.

సాయంత్రం అందరి ముందూ ముంత తూచా. బరువు తగ్గాల్సింది పోయి పెరిగింది!

"ఏందిరా, గాలి లేచిపోలేదా?" అన్నాడు మామ.

మూత తీసి చూడొచ్చుగా అంటారా? తీస్తే బయటిగాలి సోకుద్దని మా మేష్టరు చెప్పాడు.

"కొన్ని రాళ్లు గాలిని వదలవు మామా, పీలుస్తాయి. మన పల్నాటి రాయి చానా మొండిది!" అని లోకంలో లేని ఫార్ములా ఒకటి పలక మీద గీకిపారేశా. అందులో గాలి పాళ్లు సున్నాకంటే తక్కువ!

"కాల్చిన సున్నం తేలికని బండి లాగే ఎద్దుకి కూడా తెలుసు గదరా!" అన్నాడు పక్కింటి బాబాయి. ఒకటే నవ్వులు.

అప్పుడు తలుపు చాటు నుంచి రత్తాలు గొంతు.

"బావా, నాన్న ఆకుకి సున్నం అయిపోయింది. ముంత విప్పి చూస్తే రాయి కనబడింది, చెంబుతో కాసిని నీళ్లు పోసి మళ్లీ కట్టేశా. పోయకూడదా?"

మూత తీస్తే వెన్నముద్దలాంటి సున్నం! కాల్చిన రాయి కనబడితే నీళ్లు పోయని ఆడపిల్ల మా సీమలో ఉంటుందా?

నా పెళ్లి అందులోనే కలిసిపోయిందనుకున్నా. మామ తాపీగా ఆ సున్నం వేలితో తీసి ఆకుకి రాసుకుని, నములుతూ, కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వాడు.

"పిల్లని నీకే ఇస్తున్నారా. నీ ముంతలో ఏముందో నీకు చెప్పేందుకు ఒక మనిషి ఉండాలి గదా!"

బతికినన్నాళ్లూ చెప్పింది మహాతల్లి. పోయి రెండేళ్లయింది. ఇప్పుడు నా ఆకుకి సున్నం నేనే తడుపుకుంటున్నా. ఎప్పుడూ పాళ్లు కుదరవు, నోరు పొక్కుద్ది. తలుపు వైపు చూస్తా. ఎవరూ ఉండరు.

కాబట్టి తమలపాకు మీద ప్రమాణం చేస్తున్నా: మూత తీయకుండా ఈ జన్మలో దేన్నీ తూయను. కానీ "బావా, పోయకూడదా?" అని ఆ తలుపు చాటు నుంచి ఇంకొక్కసారి వినబడుద్దంటే, ఒట్టు తీసి గట్టున పెట్టి, చెంబు నేనే అందిస్తా.