జేబులో ఫ్యూజు, సభలో గిటార్

1964 అక్టోబరు 18, ఆదివారం, సాయంత్రం నాలుగు గంటల నలభై నిమిషాలు. బెల్లంపల్లిలో ఆకాశం తేటగా ఉంది, గాలి లేదు. మా వర్క్‌షాపు గోడకున్న ఉష్ణమాపకం ఆ మధ్యాహ్నం ఎనభై తొమ్మిది ఫారన్‌హీట్ డిగ్రీలు చూపింది. నాకు దయ్యాల మీద నమ్మకం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. బొగ్గుగనుల విద్యుత్ విభాగంలో ఇరవై తొమ్మిదేళ్లు పనిచేశాను. మీటరు ముల్లు కదిలితేనే కరెంటు ఉందంటాను. ఆనాటి సంగతిని కూడా అదే పద్ధతిలో, చూసినంత వరకే రాస్తున్నాను.

నా మిత్రుడు పోశం గని మీద దీపాల గదిలో పనిచేసేవాడు. లోపలికి దిగేవారికి టోపీ దీపాలు అందించడం అతని ఉద్యోగం. గిటార్‌ను ఒళ్లో అడ్డంగా పెట్టుకొని, తీగల మీద ఉక్కు కడ్డీని జారుస్తూ వాయించడం అతని ప్రాణం.

అతని తండ్రి రాజయ్య కాక గనిలో మందు పేల్చే షాట్‌ఫైరర్. ఇరవై ఆరేళ్ల పేలుళ్లు ఆయన వినికిడిని దాదాపు తినేశాయి. పెద్ద చప్పుడు అందేది, మాట అందేది కాదు. కొడుకు గిటార్ ఒక్కసారి కూడా ఆయనకు వినబడలేదు.

“గా కట్టె మీద ఏం గీరుతున్నవ్‌ర? దోమలు తోలుతున్నవా?” అనేవాడు.

ఆ నెలాఖరుకు ఆయన ఉద్యోగ విరమణ. నవంబరు మొదటి వారంలో ఖానాపూర్‌లో వ్యవసాయం చేస్తున్న పెద్ద కొడుకు దగ్గరికి ప్రయాణం. ఆలోగా బాపుకు తన గిటార్ ఒక్కసారైనా వినిపించాలని పోశం పట్టుబట్టాడు. నేను ఆంప్లిఫయర్ తయారుచేయడానికి పూనుకున్నది అందుకే.

అందులో ఒక చిక్కు ఉంది. పోశానిది రెండో షిఫ్టు కాబట్టి సాధనకు ఉదయమే వీలు. పక్క క్వార్టరులో ఉండే మల్లయ్యది రాత్రి షిఫ్టు కాబట్టి అతని నిద్ర కూడా ఉదయమే. ఇద్దరి మధ్యా ఉన్నది ఒకే గోడ. ఇంట్లో మల్లయ్య నిద్ర చెడకూడదు, అక్టోబరులో పోశం కార్యక్రమం ఉన్న గని క్లబ్బు హాలులో చివరి బల్ల దాకా వినబడాలి. ఈ రెండూ ఒకే పెట్టెతో కావాలి.

ధ్వనిని మీటతో బాగా తగ్గిస్తే గిటార్ గొంతు పీలగా, జీవం లేకుండా వచ్చేది. అందుకని పెట్టెలో రెండు దారులు పెట్టాను. మొదటిదానికి ఒక చిన్న వాల్వు, అర వాటు శక్తి, నాలుగు అంగుళాల స్పీకరు. రెండోదానికి రెండు పెద్ద వాల్వులు, పది వాట్లు, పది అంగుళాల స్పీకరు. దారి మార్చే స్విచ్చుకు ఒకవైపు ‘ఇల్లు’ అని, మరోవైపు ‘సభ’ అని తెల్లరంగుతో రాశాను. గిటార్ పొట్టలో గుడ్డలు కుక్కి దాని సొంత చప్పుడు అణిచాను. తీగల కదలికను కరెంటుగా మార్చడానికి వాటి కింద అమర్చే రాగి తీగ చుట్టకు పాత టెలిఫోన్‌లోని అయస్కాంతం వాడాను. చేతి డ్రిల్లు పిడిని ఒకసారి తిప్పితే చుట్ట నాలుగుసార్లు తిరిగేది. పన్నెండు వందల సార్లు తిప్పాను, నాలుగు వేల ఎనిమిది వందల చుట్లు వచ్చాయి.

ఆగస్టు 30 నుంచి వరుసగా ఏడు ఆదివారాలు పట్టింది. అక్టోబరు 11 ఉదయం పది గంటలకు ‘ఇల్లు’ వైపు పరీక్ష పెట్టాం. పోశం భార్య లచ్చవ్వ పక్కింటి గుమ్మంలో కాపలా నిలబడింది. పోశం ఇరవై నిమిషాలు వాయించాడు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకొని వచ్చి, మల్లయ్య గురక తప్ప అక్కడ ఇంకేమీ వినబడలేదని చెప్పింది.

మూడింటికి లేచిన మల్లయ్య నేరుగా మా దగ్గరికే వచ్చాడు. “ఏం పోశం, ఇయ్యాల సప్పుడే చేస్తలేవు? పానం బాగలేదా ఏంది?”

ముగ్గురం కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వాం.

అయితే ఆ సన్నని శబ్దం రాజయ్య కాకకు ఏ మాత్రం అందలేదు. పెట్టె మీద చెయ్యి ఆనించి, “అదురుతుంది, గంతే” అన్నాడు. ఇక మిగిలింది మరుసటి ఆదివారం క్లబ్బు కార్యక్రమం ఒక్కటే. ముందు వరుసలో కూర్చోమని పోశం సైగ చేస్తే ఆయన ఒప్పుకోలేదు.

“ముందల కూసుంటే నీ చేతులు సూసి ఇన్నట్టనిపిస్తది. ఎనుక బల్ల మీద కండ్లు మూసుకొని కూసుంట. ఇనవడితే ఇనవడ్డదంట, లేకుంటే ఇనవడలేదంట. కొడుకువని అబద్ధం జెప్ప.”

పోశం ఆ వారమంతా సరిగ్గా అన్నం తినలేదు.

ఇక ఆనాటి నాలుగు గంటల నలభై నిమిషాలకు వస్తాను. ఐదింటికి తెర లేవాలి. తెర వెనుక పరీక్షిస్తుంటే ‘సభ’ వైపు బొయ్యిమని మోత మొదలైంది. ఒక ఎర్తు తీగ ఊడిందని గుర్తించాను. మా విభాగంలో అందరం పాటించే నియమం ఒకటుంది. యంత్రంలో చెయ్యి పెట్టేముందు దాని ఫ్యూజు తీసి సొంత జేబులో వేసుకోవాలి. స్విచ్చును నమ్మకూడదు, ఎవరైనా తెలియక వేయవచ్చు. ఫ్యూజు మన జేబులో ఉన్నంతసేపు మన ప్రాణం మన దగ్గరే ఉన్నట్టు. ఆ అలవాటు ప్రకారం ప్లగ్గు పీకి, గాజు ఫ్యూజును తీసి ఎడమ జేబులో వేసుకున్నాను, తీగను అతికించాను.

అంతలో క్లబ్బు కార్యదర్శి తొందరపెట్టాడు. వెనుక చెక్కకు నాలుగు మరలు బిగించి, ప్లగ్గు పెట్టి, స్విచ్చు వేశాను. ఎర్రదీపం వెలిగింది. వాల్వులు వేడెక్కడానికి ఇరవై రెండు సెకన్లు పట్టింది. తెర లేచింది.

హాలులో కుర్చీలు, బల్లలు కలిపి రెండు వందల పన్నెండు మందికి చోటుంది, ఇంకా గోడల వెంట నిలబడినవారు ఉన్నారు. పోశం తొలి స్వరం జార్చగానే అందరూ మాటలు ఆపేశారు. అంత నిండైన, తియ్యని శబ్దం ఆ పెట్టెలోంచి అంతకు ముందు నేను వినలేదు. మోత లేదు, గరగర లేదు. రెండో పాటకు జనం చప్పట్లతో తాళం అందుకున్నారు. నాలుగో పాటకు ముగ్గురు లేచి చిందులేశారు, వారిలో మల్లయ్య ఒకడు. ముప్పై నాలుగు నిమిషాల తర్వాత తెర దిగింది.

సమయం రాసుకుందామని కలం కోసం జేబులో చెయ్యి పెడితే వేళ్లకు ఫ్యూజు తగిలింది.

ఆ కొలత ఫ్యూజు బెల్లంపల్లిలో దొరకదు. మంచిర్యాల నుంచి తెప్పించినది ఒక్కటే ఉంది. పోశాన్ని, లచ్చవ్వను, మల్లయ్యను పిలిచి, వారి ఎదుట మరలు విప్పాను. ఫ్యూజు కూర్చునే చోటు ఖాళీగా ఉంది. రెండు కొసల మధ్య ఎడం ఒక అంగుళానికి కాస్త ఎక్కువ. తీగ ముక్క లేదు, సీసం చుక్క లేదు. మళ్లీ స్విచ్చు వేశాను, దీపం వెలగలేదు. ఫ్యూజు పెట్టాను, వెలిగింది. తీశాను, ఆరిపోయింది.

“మరి గిప్పటిదాంక దేంతోని మోగింది?” అన్నాడు మల్లయ్య. అతని చొక్కా చెమటతో తడిసి ఉంది.

లచ్చవ్వ మాత్రం నా ముఖం చూసి నవ్వింది. “నువ్వు పరేషాన్ గాకన్నా. కరెంటు ఏడికెల్లన్న రానియ్యి. మామను అడుగుదాం పాండ్రి.”

తర్వాతి పదేళ్లలో ఆ పెట్టెను ఫ్యూజు లేకుండా పదిహేడుసార్లు పరీక్షించాను. అదే హాలులో, అదే ప్లగ్గుకు కూడా పెట్టి చూశాను. ఒక్కసారి కూడా వెలగలేదు. తెలిసినవారు చెప్పిన కారణాలన్నీ పరిశీలించాను, ఏదీ నిలవలేదు. ఆ తలపు వచ్చినప్పుడు భయం మాత్రం కలగదు, చిత్రంగా సంతోషమే కలుగుతుంది.

లచ్చవ్వ అన్న ఆ మాటకు మేమందరం హాలులోకి నడిచాం. జనం వెళ్లిపోతున్నారు. రాజయ్య కాక చివరి బల్ల మీద గోడకు ఆనుకొని ఇంకా కళ్లు మూసుకొనే ఉన్నాడు. పోశం ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుని భుజం తట్టాడు. వినబడిందా అన్నట్టు వేలితో తన చెవిని చూపాడు.

ఆయన కళ్లు తెరిచాడు.

“మందు వెట్టినంక ఎన్ని పేలినయో లెక్కవెట్టుడే నా కొలువు. ఒక్కటి పేలకుండ మిగిలినా, తెల్లారి దిగినోని పానం పోతది. ఇరవై ఆరేండ్లల్ల నా లెక్క తప్పలే,” అని ఒక చేతి ఐదు వేళ్లూ, రెండో చేతి బొటనవేలూ పైకెత్తాడు. “మూడోది మస్తుగున్నది బిడ్డా.”

పోశం తండ్రి ఒళ్లో తల పెట్టి ఏడ్చాడో నవ్వాడో నేను చెప్పలేను. లెక్క మాత్రం చెప్పగలను. వేదిక మీద పోశం వాయించిన పాటలు ఆరు. చివరి బల్ల మీద, కళ్లు మూసుకొని రాజయ్య కాక లెక్కపెట్టినవి ఆరు.