వెనక నుంచి భిక్షపతి

మాణిక్యమ్మ మొగుడు భిక్షపతి దబీర్‌పురా స్టేషన్ దగ్గర పట్టాల మీద కూలిపని చేసేవాడు. ఏళ్ళ కిందటే కామెర్లు ముదిరి చనిపోయాడు. పిల్లలు లేరు. ఇద్దరూ కలిసి ఫోటో దిగింది కూడా లేదు. ఆమె మొఘల్‌పురాలో ఆడపిల్లల బడిలో ఆయా. సాయంత్రం గదులు ఊడ్చి, తాళాలు వేసి ఇల్లు చేరితే, మళ్ళీ తెల్లారి బడికి పోయేదాకా ఆమెను పేరు పెట్టి పిలిచే దిక్కుండదు.

మాట్లాడే మనిషి లేకనే బొమ్మలు వేయడం మొదలుపెట్టింది. పిల్లలు పారేసిన రంగు పెన్సిల్ ముక్కలు ఏరుకొచ్చి, పాత అట్టల మీద భర్తనే వేసేది. భుజాన పార పెట్టుకుని పట్టాల వెంట నడిచిపోతుంటాడు. ఎప్పుడూ వెనక నుంచే.

ఆ అట్టలు ఒకరోజు డ్రాయింగు టీచరు సీతారావమ్మ కంటబడ్డాయి. కాకినాడ నుంచి ఉద్యోగానికి వచ్చిన మనిషి. ఇళ్ళల్లోనే బొమ్మలు వేసుకునే ఆడవాళ్ళను నలుగురిని పోగుచేసి, తన ముందుగదిలో ప్రదర్శన పెట్టాలని చూస్తోంది. అది డెబ్బై నాలుగో సంవత్సరం.

"నీవి కూడా పెడదాం, మాణిక్యమ్మా."

"నావేంది టీచరమ్మా, ఎవలు చూస్తరు?"

"నేను చూడలేదూ? ఇంకొకళ్ళూ చూస్తారు."

ఆదివారం మాణిక్యమ్మ ఉతికిన చీర కట్టుకుని తన అట్టల పక్కన నిలబడింది. మిగతావాళ్ళ కోసం భర్తలు, ఆడపడుచులు, చంటిపిల్లలతో అక్కచెల్లెళ్ళు వచ్చారు. నవ్వులు, పలకరింపులు. ఆమె దగ్గర ఆగింది టీచరు పక్కింటి బేగం ఒక్కతే. చాలాసేపు చూసి, "కిధర్ జారై?" అని, ఆయన ఎటు పోతున్నాడో అడిగింది.

"మాలూం నహీ, అమ్మా," అని తెలియదన్నట్టు తల ఊపింది మాణిక్యమ్మ.

పొద్దు వాలుతుండగా మరిది నర్సింహ వచ్చాడు. ధూల్‌పేట్‌లో వినాయక విగ్రహాలు చేసేవాళ్ళ దగ్గర పని. మోచేతులకు మట్టి ఇంకా పోలేదు.

"అరే, మా అన్ననే! గట్లనే ఒక భుజం వంచి నడుస్తుండె. మరి మొఖమేది వదినె?"

ఆమె గొంతు తగ్గించింది. "యాదికొస్తలేదు నర్సింహా. దగ్గు యాదికున్నది, నడక యాదికున్నది. మొఖం గియ్యబోతే జారిపోతది."

"గింతదానికి ఫికరెందుకు? మేమిద్దరం ఒక్కతీర్గ ఉంటమని అమ్మ అంటుండె. నన్ను చూసి గియ్యి."

స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె వేయడం మొదలుపెట్టింది. చుట్టూ జనం మూగారు. కళ్ళు, ముక్కు, మీసం ఒక్కొక్కటే వస్తున్నాయి. ఇదిగో, ఇప్పుడు కనిపిస్తాడు అనుకుంది. పూర్తయ్యాక అందరూ చప్పట్లు కొట్టారు.

అట్ట మీద ఉన్నది నర్సింహ. భిక్షపతి రాలేదు.

"అన్న లెక్కనే ఉన్నది గదా వదినె?"

అతని మొహంలో సంబరం చూసి, "ఆఁ, గట్లనే ఉన్నది," అంది. అతను ఆ బొమ్మను జాగ్రత్తగా చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత రెండేళ్ళకు సీతారావమ్మకు బదిలీ అయింది. ప్రదర్శనలు ఆగిపోయాయి. మాణిక్యమ్మ మాత్రం వేస్తూనే ఉంది. బేగంను వేసింది, బడిపిల్లల్ని వేసింది, అడిగినవాళ్ళ మొహాలన్నీ వేసిచ్చింది. భర్తను మాత్రం ఎప్పటిలా వెనక నుంచే. ఆదివారాలు తన గదిలోనే గోడకు అట్టలు ఆనించి, తలుపు బార్లా తెరిచి కూర్చునేది. గల్లీలో పోయేవాళ్ళు ఒక చూపు చూసి సాగిపోయేవాళ్ళు.