భక్తి నిచ్చెన పైకొన

బాపట్లలో పుస్తకాల కొట్టు యజమాని తల్లి ఇంటి అరుగు మీద కూర్చుని గవ్వలు వేసింది. నాలుగు పడింది. ఆవిడ పావు నాలుగు గడులు నడిచి భక్తి నిచ్చెన మొదట్లో ఆగింది. సంబరంగా దాన్ని పైకి జరిపింది. నిచ్చెన పైకొన చేరిన గడిలో పాము నోరు తెరుచుకుని ఉంది.

"ఎక్కారుగా అత్తయ్యా, ఇక దిగండి," అంది ఎదురుగా ఆడుతున్న కోడలు.

ఆవిడ పావును అక్కడే వదిలి, కొట్టుకు పటాల కట్ట తెచ్చిన నావైపు చూసింది. "భక్తితో ఎక్కినదాన్ని పాము నోట్లో పెట్టావేంటి నాయనా? దేవుడి మీద ఏమన్నా కోపమా నీకు?"

"లేదండి మామ్మగారూ," అన్నాను. ఆ వైకుంఠపాళి పటం గీసింది నేనే. మూలన నా పేరు అచ్చయి ఉంది.

అవి అరవైల చివరి రోజులు. తెనాలి నుంచి ఒక దినపత్రికకు వార్తలు రాస్తూ, అడిగినప్పుడు బొమ్మలు కూడా వేసి పంపేవాణ్ణి. వాటి కింద నా పేరు ఎప్పుడూ వేయలేదు. ఊళ్లో ఒక ప్రెస్సు యజమాని ఓ రోజు నన్ను పిలిచి పాత వైకుంఠపాళి పటం ముందు పెట్టాడు. అందులో పాములు కొబ్బరితాళ్లలా ఉన్నాయి.

"కొత్తగా గియ్యవయ్యా. బాగుంటే మూలన నీ పేరు వేయిస్తా," అన్నాడు.

ఆ వేసవంతా గీశాను. అసూయ పాముకు ఓరచూపు పెట్టాను. కోపం పాముకు మెడ ఉబ్బించాను. లోభం పాము తన చుట్ట తానే వదలదు. ఇవాళ చూసినా అవి మంచి పాములే అంటాను.

పాములకు ఆకుపచ్చ, నిచ్చెనలకు ఎరుపు. అచ్చు వేయడానికి రంగుకొక జింకు రేకు. రేకు మీద బొమ్మను అద్దంలో కనిపించినట్టు తిరగేసి గీస్తేనే కాగితం మీద సరిగా పడుతుంది. భక్తి నిచ్చెన పైకొన ఎడమ నుంచి మూడో గడిలో ఉండాలి. నేను రేకు మీద కూడా ఎడమ నుంచే లెక్కపెట్టాను. కాగితం మీదికి వచ్చేసరికి అది కుడి నుంచి మూడో గడి అయింది. అక్కడ అసూయ కాచుకుని ఉంది.

ప్రూఫు చూడలేదా అంటే, పత్రికవాణ్ణి, మూడుసార్లు చూశాను. ప్రతి అక్షరం, ప్రతి అంకె చదివాను. ఆడి మాత్రం చూడలేదు.

తెనాలి తిరిగొచ్చి ప్రెస్సు యజమానికి ఉన్నదున్నట్టు చెప్పాను.

"రేపల్లెకి ఒక కట్ట నిన్ననే వెళ్లిందే," అన్నాడు. బల్ల మీది పటం దగ్గరికి లాక్కుని, "మిగతావాటిలో ఆ పాము తల మీద తెల్లకాగితం ముక్క అంటిద్దాం. ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు.

"బాపట్ల మామ్మగారికి తెలుస్తుందండి. ఎర్ర రేకు మళ్లీ గీస్తాను. కుదరదంటే నా పేరు తీసేసి అమ్ముకోండి."

"పేరు తీసేస్తే జనం ఎవర్ని తిట్టాలి? గియ్యి."

గీశాను. రెండో అచ్చు మొదటి కాగితం తడి ఆరగానే బాపట్ల తీసుకెళ్లాను. అత్తాకోడళ్లు మూడాటలు ఆడారు. మూడూ కోడలే గెలిచింది. "నువ్వు దీని పక్షం చేరావా ఏంటి?" అని నన్ను దెప్పి, పటం మీద అరచేత్తో ఒకసారి నిమిరి, "ఇప్పుడు ఎక్కొచ్చు," అంది మామ్మగారు.

డెబ్బైల్లో ఇంకా చాలా ఆటలు గీశాను. వాటిలో తెనాలి నుంచి రేపల్లె దాకా సాగే రైలాట ఒకటి. ఏదీ ఆ అరుగు మీద ఆడించకుండా అచ్చుకు ఇవ్వలేదు. కొట్లలో జనం "ఆ పాములు బాగుండే పటం" అని అడిగి కొనేవారు. పత్రికలో నేను రాసిన వార్త ఒక్కటీ అలా ఎవరూ అడగలేదు.

రెండో అచ్చు వచ్చిన వారంలోనే రేపల్లె వెళ్లి ఆ పాత కట్ట వెనక్కి ఇమ్మన్నాను. "అన్నీ అమ్ముడుపోయాయండి. ఒక్కరూ తిరిగి తేలేదు," అన్నాడు కొట్టతను.

ఆ ఇళ్లలో ఎవరైనా భక్తి నిచ్చెన ఎక్కినప్పుడు పావును కిందికి దింపేవారో, అక్కడే ఉండనిచ్చేవారో నాకిప్పటికీ తెలియదు.