కమ్మలకన్నా ముందు కుక్కబిళ్ళ

యుద్ధం రోజుల్లో కొత్తగా కాపురానికి చిత్తూరు వచ్చాను. మా ఆయనకు తన రాజపాళయం కుక్కంటే ప్రాణం. మెడలో లైసెన్సు బిళ్ళ లేని కుక్కల్ని మునిసిపాలిటీవాళ్ళు పట్టుకుపోయి చంపేసేవారు. నాకు కమ్మలు చేయించమంటే "సూద్దాంలే" అనే మనిషి, ఎవరూ అడగకుండానే దానికి ఇత్తడి బిళ్ళ తెచ్చి మెడకు కట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పైగా ప్రతి శుక్రవారం దీపపు కుందులతోపాటు ఆ బిళ్ళనూ నేనే చింతపండుతో తోమాలి!

ఒక శుక్రవారం బిళ్ళ విప్పి తోముతుంటే కుక్క వీధిలోకి దూకింది. కుక్కలు పట్టేవాడు దాని మెడకు ఉరితాడు వేసేశాడు.

"బిళ్ళ యాడుండాదమ్మా?" అన్నాడు.

"ఇదో, ఈడుండాది సూడు! ఇడిసిపెట్టు నా కుక్కను!" అంటూ తాడు పట్టుకుని లాగాను. 'నా కుక్క' అని నోట ఎలా వచ్చిందో!

వాడు బిళ్ళ చూసి వదిలేశాడు. అంతలో మా ఆయన పరుగెత్తుకొచ్చి కుక్క మెడంతా తడుముతూ "నొప్పెడతా ఉండాదా నాయనా?" అన్నారు. తాడు ఒరుసుకుని నా అరచేతిలో నెత్తురు కారుతోంది. అది కుక్క ఒక్కటే చూసింది. ఆయన చేతుల్లోంచి విడిపించుకుని వచ్చి నా అరచెయ్యి నాకింది.

దానిమీద అసూయ ఆ పూటే పోయింది. ఆయనమీద కోపం మాత్రం కమ్మలు వచ్చాక కూడా పోలేదు.