ఫోను కళ్లంలో, నేను పొలంలో

పదిహేనేళ్లుగా నాకు షుగరు. రెండేళ్లుగా పొద్దునా సాయంత్రం సూది వేసుకుంటున్నాను. చిక్కేమిటంటే, షుగరు పడిపోతున్నప్పుడు నాకు తెలియదు. మిగతావాళ్లకు చెమటలు పడతాయట, చేతులు వణుకుతాయట. నాకు అవేవీ ఉండవు, నేరుగా సోయి తప్పుతుంది. అందుకే భద్రాచలంలో నర్సుగా చేస్తున్న మా అమ్మాయి ఈ వానాకాలం వచ్చి, నా జబ్బకు రూపాయి బిళ్లంత యంత్రం ఒకటి అంటించి పోయింది. షుగరు ఎంతుందో అది పక్కనున్న ఫోనుకు చెబుతుంది, మరీ తగ్గితే ఫోను మోగుతుంది. అమ్మాయి అక్కడి నుంచే తన ఫోనులో అంకెలు చూసుకోవచ్చు. నేను కన్న పిల్ల నాకు కాపలా ఏమిటని ఒళ్లు మండింది.

మా ఊరు రాష్ట్రం సరిహద్దు అవతల, రోడ్డు మీదున్న ఎర్రబోరు నుంచి బాగా లోపలికి, అడవిలో. ఇళ్లల్లో సిగ్నల్ రాదు. కళ్లం దగ్గర పాతిన గుంజ కాడ మాత్రం వస్తుంది. అందుకని అందరం ఫోన్లు సంచుల్లో పెట్టి ఆ గుంజకే తగిలిస్తాం. మోగితే దగ్గరున్నవాళ్లు ఇక్కడి దోర్లీ భాషలోనో తెలుగులోనో కేకేస్తారు. అంకెలు అందడం లేదని అమ్మాయి సణుగుతోంది కదా అని ఒకరోజు తెల్లారే నా ఫోనూ అక్కడ తగిలించాను. ఫోను ఎప్పుడూ నా దగ్గరే ఉండాలని ఆమె రెండుసార్లు చెప్పింది. ఊ కొట్టాను గానీ వినలేదు.

ఆ పొద్దున సూది వేసుకున్నానో లేదో, పొలం గట్టుకు గండి పడిందని కబురొచ్చింది.

"తిని పోవయ్యా," అంది మా ఆవిడ.

"నీళ్లన్నీ పోయినంక తినాల్నా? నోర్ముయ్," అని పార భుజాన వేసుకున్నాను.

గండి పూడ్చడం గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది నోట్లో బెల్లం, తల కింద ఆమె ఒడి. "ఏందే, ఎందుకేడుస్తున్నవ్?" అన్నాను. ఇంకో బెల్లం ముక్క నా నోట్లో పెట్టింది.

మధ్యాహ్నం ఇద్దరం కళ్లం దగ్గరికి వెళ్లాం. నేను పక్కన నిలబడగానే, యంత్రం అప్పటిదాకా దాచుకున్న అంకెలన్నీ ఫోనులో గీతగా వచ్చాయి. గీత దిగి దిగి అడుగు తాకింది. భద్రాచలంలో అమ్మాయీ చూసినట్టుంది, వెంటనే ఫోన్ చేసింది. తిట్లకు సిద్ధపడ్డాను. "అమ్మకియ్యి నాయినా," అంది, అంతే. స్పీకరు పెట్టి మా ఆవిడ చేతికిచ్చాను.

"నీకెట్ల తెల్సిందమ్మా? నాయిన పడిపోయిండా?"

"లేదే. గట్టు మీద మంచిగనే కూసున్నడు. నేను అన్నం గిన్నె పట్టుకొని పోతే నా మొకం చూసి, 'మీరెవరమ్మా? ఎండల నిలబడ్డరు, ఈడ కూసోండి' అన్నడు. నా పానం జల్లుమన్నది. కొంగున ఉన్న బెల్లం నోట్లె పెట్టిన."

తలెత్తి ఆమె ముఖం చూడలేకపోయాను, అంత సిగ్గేసింది. ముప్పై ఏళ్ల కాపురంలో మొదటిసారి నేను మర్యాదగా మాట్లాడితే, నేను చచ్చిపోతున్నానని ఆమెకు అర్థమైంది.