పేళ్ళతోపాటు దిగినవాణ్ణి

ఆసిఫాబాద్‌లో జైనూర్ బస్సు తప్పిపోయిన రోజున, చిత్రిక పట్టగా రాలిన చెక్కపేళ్ళు నింపుకొని పోతున్న ఓ చిన్న పాత ట్రక్కు ఆగి నన్ను ఎక్కించుకుంది. ముందు డ్రైవరూ, పక్కన అతని భార్యా. నాకు వెనక పేళ్ళ మీదే చోటు.

ఎక్కబోతుంటే డ్రైవరు తన పనితనం చూపించాడు. బండికి చుట్టూ పలకలు కొట్టి ముందే ఎత్తు పెంచి ఉంచాడు. పేళ్ళు నింపకముందే అడుగున గోనెసంచులు విప్పి కుట్టిన పట్టా పరిచి ఉంచాడు. దాని ముందు అంచుకు కట్టిన మోకు పేళ్ళ మీదుగా వెనక్కి వేలాడుతోంది.

"ఎనక పలక తీసి, మోకు చెట్టుకు కట్టి బండి ముందలికి తోల్తే సాలు సారూ, మొత్తం జారిపోతది. పట్టా మా ఆమెనే కుట్టింది. ఇయ్యాల్నే మొదలు."

తట్టలతో దించితే పొద్దంతా పోతోందనీ, ఇది కుదరకపోతే ఇటుకబట్టి సేఠు మళ్ళీ ఎడ్లబండ్లే పెట్టుకుంటాడనీ చెప్పాడు.

వెచ్చటి ఎండ, మెత్తటి పేళ్ళు. పలకల చాటున నిద్రపోయాను.

కింద ఏదో కదిలి మెలకువ వచ్చింది. ఆకాశం గిర్రున తిరిగింది. చూసుకుంటే నడుందాకా పేళ్ళలో కూరుకుపోయి, బట్టి ముందు కూర్చుని ఉన్నాను.

డ్రైవరు దూకి, ఖాళీ ట్రక్కులోకి తొంగిచూసి గంతేశాడు. "ఒక్క పేడు గూడ మిగల్లే!"

"సారేడయ్యా?" అంది భార్య.

అతను మళ్ళీ తొంగిచూశాడు. "సారు గూడ మిగల్లే!"

ముందు నవ్వింది నేనే. ఇద్దరూ చెరో చెయ్యి పట్టి లాగారు.

వాళ్ళ పేర్లు అడగలేదు. ఆ తర్వాత బస్సులు చాలాసార్లు తప్పిపోయాయి. చిరాకు పడలేదు. పేళ్ళ బండి ఏదైనా వస్తుందేమోనని దారివైపు చూస్తూ నిలబడేవాణ్ణి.