రెండంచులూ కోసిన మ్యాపు

మా డ్రాఫ్ట్స్‌మన్ గారు పోయారని మొన్న పొద్దున వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. అప్పుడు నేను విజయవాడలో మా ఆఫీసులో మ్యాపులు అచ్చేసే ప్లాటర్ ముందు నిలబడి ఉన్నాను. కృష్ణలో నీళ్లు పెరుగుతున్నాయి, సాయంత్రంలోగా వరద మ్యాపు కంకిపాడు చేరాలి. నాకు ఏడుపు కంటే ముందు భయం వచ్చింది. ఇక మ్యాపు అతుకులు చూసేదెవరు? ఇలా రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజమిదే.

"మ్యాపు పూర్తిచేసే రా అక్కా. నాన్న ఉన్నా అదే అనేవారు," అంది ఆ అమ్మాయి.

రిటైరైనా సరే, వరద మ్యాపు వేస్తున్నామంటే ఆయన భవానీపురం నుంచి సిటీ బస్సెక్కి వచ్చేసేవారు. చేతులు సబ్బుతో కడుక్కునేదాకా కాగితం ముట్టేవారు కాదు. టీ తెస్తే వరండాలోకి తరిమేవారు. డెల్టా మ్యాపు ఒక్క కాగితం మీద పట్టదు కాబట్టి తొమ్మిది షీట్లుగా తీసి అతికిస్తాం. పక్కపక్క షీట్ల అంచుల్లో కొంత మేర ఒకే బొమ్మ రెండుసార్లు పడుతుంది. ఒక షీటు అంచు కోసేసి, రెండోది ఉంచాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, వరద రోజుల్లోనే, కంగారులో నేను రెండంచులూ కోసేశాను. అతుకు కూడా ముచ్చటగా కుదిరింది. మ్యాపు జీపెక్కి వెళ్లిపోయింది. కోసిన ముక్కల్ని చెత్తబుట్టలోంచి తీసి లెక్క చూసుకోవడం ఆయన అలవాటు.

"ఒకే ముక్క రెండున్నాయేంటమ్మా?" అన్నారు.

ఆ ముక్కలో ఉయ్యూరు వైపు పల్లంలోని ఒక వీధి ఉంది. మునిగిన వీధుల్లోంచి జనాన్ని తెచ్చే పడవవాళ్ల చేతిలోని మ్యాపులో అది లేదు. ఆయన వెంటనే ముక్కను ప్లాస్టిక్ కవర్లో పెట్టి, వానలో స్కూటర్ మీద జీపు వెంట వెళ్లారు. సాయంత్రం తడిసి ముద్దయి వచ్చి, "ఆ వీధికి పడవెళ్లిందిలే," అన్నారు.

ఎవరు కోశారని ఆఫీసరు గారు అడిగితే, "నేనేనండి," అని ఊరుకున్నారు. తర్వాత నాతో, "బాగా భయపడ్డావు కదా. ఆ భయం పోగొట్టుకోకమ్మా, పనికొస్తుంది," అన్నారు. పోగొట్టుకోలేదండీ. ఆ మాట ఆయనకు చెప్పనే లేదు.

మొన్న ఒక్కదాన్నే తొమ్మిది షీట్లూ అతికించాను. ప్రతి అతుకూ నాలుగుసార్లు చూశాను, కోసిన ముక్కలు కూడా లెక్క చూసుకున్నాను. అంత్యక్రియలకు అందలేకపోయాను.

మ్యాపు తీసుకెళ్లడానికి వచ్చిన జీపు డ్రైవరు దాని మీదికి వంగాడు.

"మేడమ్, మాది కాలవ కట్ట కిందండి. మా ఇల్లు ఇందులో ఉందాండి?"

వెతికి చూపించాను. సరిగ్గా అతుకు పక్కన, చిన్న నల్ల చుక్క. అతను దాని మీద బొటనవేలు ఆనించాడు. నేను మ్యాపు చుట్టడం మొదలుపెట్టినా, కాగితం అంచు చేతికి తగిలేదాకా ఆ వేలు తీయలేదు.